మోటరు ఆపించిన మనిషి

మూసిన తలుపు వెనక దగ్గు మళ్ళీ వినిపించింది.

బల్ల చుట్టూ కూర్చున్న నలుగురూ ముద్ద చేతిలోనే పట్టుకుని ఉండిపోయారు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. దగ్గు ఆగింది. నలుగురూ ఒక్కసారే తినడం మొదలుపెట్టారు, ఏమీ విననట్టు.

"దుమ్ము," అన్నాడు కోచ్. "ఆ గది దులిపి ఎన్నాళ్ళయిందో."

"పొద్దున్నే దులిపాను," అంది పెద్దకోడలు.

"అయితే వాన గాలి."

"కిటికీ మూసే ఉంది."

కోచ్ గ్లాసు ఎత్తి గటగటా తాగి, చప్పుడయ్యేలా కింద పెట్టాడు. ఇంట్లో ఆమె అతనికి వదిన. ఊరి ఆటల సెంటరులో మాత్రం ఆమె మేనేజరు, అతను ఆమె కింద ఈత నేర్పే కోచ్. ఇన్నేళ్ళూ గుమ్మం బయట మేడమ్, గుమ్మం లోపల వదినా అని నవ్వుకుంటూ గడిపేశారు. పోయిన వారం నుంచి ఆ నవ్వు ఎటు పోయిందో పోయింది.

పోయిన వారం జరిగింది ఏమిటంటే, పిల్లల బ్యాచ్ పూల్‌లో దిగిన కాసేపటికే గోడ వారగా ఏదో ఘాటు గాలి లేచింది. పిల్లలు దగ్గుతూ, కళ్ళు నులుముకుంటూ గట్టెక్కారు. ఒక పిల్లవాడు ఇంకా ఆసుపత్రి మంచం మీదే ఉన్నాడు. ఆ సాయంత్రమే పెద్దకోడలు పూల్ హాలుకి తాళం వేసి, తాళంచెవి తన సంచిలో పడేసుకుంది.

ఆ దగ్గిన పిల్లల్లో ఒకతి ఈ ఇంటి పిల్లే. కోచ్ కూతురు. మొదట్లో గట్టు మీద నడవడం చూసి అందరూ బాతు అన్నారు. ఇప్పుడు నీళ్ళల్లో దాన్ని అందుకునేవాళ్ళు లేకపోయినా బాతు అన్న పేరే ఉండిపోయింది. తల్లి పోయిన పిల్లని ఒళ్ళో వేసుకుని పెంచింది పెద్దకోడలు.

"పూల్‌లో కలిపే మందు కంపెనీ వాళ్ళొచ్చి చూశారు," అన్నాడు కోచ్. "ఇన్‌స్పెక్టరు వచ్చి చూశాడు. నీళ్ళు బాగున్నాయన్నారు. ఇంకెవరు చెప్పాలి వదినా నీకు? నీళ్ళే లేచొచ్చి చెప్పాలా?"

"నీళ్ళు బాగున్నాయి. సరే. మరి ఆ రోజు ఏమైంది?"

"ఏదో అయింది. అయిపోయింది."

"ఏదో అయిందని ఊరుకుంటే మళ్ళీ ఏదో అవుతుంది. అదేదో తెలిసేదాకా నేను తలుపు తీయను."

"ఆదివారం పోటీ."

"తెలుసు."

"పోటీ ఇక్కడ జరగకపోతే వేరే క్లబ్బుకి పోతుంది. పోటీతో పాటు నా పనీ పోతుంది. ఆటల బడి వాళ్ళు పిల్లల్ని ఎంచుకోవడానికి వచ్చేది ఆ ఒక్కరోజే. బాతు ఏడాదంతా పడ్డ కష్టం ఏం కావాలి?"

"బాతు దగ్గుతోందిరా."

"దుమ్మని చెప్పానా?"

పెద్దకోడలి భర్త గడియారాలు బాగుచేస్తాడు. పని చేసేటప్పుడు సన్న స్క్రూలు పెదాల మధ్య పట్టుకోవడం అలవాటై, పని లేనప్పుడు కూడా నోరు విప్పితే ఏదో జారిపోతుందన్నట్టు ఉంటాడు. తల వంచుకుని తిన్నాడు.

అత్తగారే అందుకుంది. "తినేచోట ఈ నీళ్ళ గొడవ ఎందుకురా. అయినా మీ పోటీ మీకు, దాని తాళం దానికి. నా మోకాళ్ళ ఊసు ఎత్తేవాళ్ళు లేరు. నీళ్ళల్లో కసరత్తు లేక ఈ వారం రోజులూ కాళ్ళు కర్రలైపోయాయి."

"రేపు కమిటీ ప్రెసిడెంటు గారు వస్తున్నారు వదినా," అన్నాడు కోచ్ లేస్తూ. "నువ్వు తీయకపోతే ఆయన తీయిస్తారు. అప్పుడు మేనేజరు కుర్చీ కూడా నీది కాదు. ఆలోచించుకో."

తలుపు తెరుచుకుంది. బాతు వచ్చి నిలబడింది. మెడ చుట్టూ తువ్వాలు గట్టిగా చుట్టుకుని ఉంది.

"నాకేం లేదు పెద్దమ్మా," అంది. ఆ గొంతు ఆ పిల్లది కాదు, ముసలిదాని గొంతులా గరగరలాడింది. "నేను ఈదుతాను. తలుపు తీయవా?"

పెద్దకోడలు ఆ పిల్ల మొహం చూడలేక గిన్నెలు సర్దింది.

మర్నాడు పొద్దున వాన పట్టుకునే ఉంది. వీధిలో గొడుగులు ఒకదానికొకటి తగులుకుంటూ పోతున్నాయి. పెద్దకోడలు వంటింట్లో బాతు నీళ్ళ సీసా నింపుతూ, ప్రెసిడెంటు గారికి ఏం చెప్పాలో నోట్లో నోట్లోనే అనుకుంటోంది.

వెనక అత్తగారు గట్టు పట్టుకుని నిలబడి, ఒక కాలు ముందుకీ వెనక్కీ ఊపుతోంది. నీళ్ళల్లో చేసే కసరత్తు. సెంటరులో పెద్దవాళ్ళ బ్యాచ్‌కి ఆవిడే లీడరు. ఎవరూ పెట్టలేదు, తనంతట తనే అయింది. మేనేజరు అత్తగారు కదా, కాదనేవాళ్ళు లేరు. చెప్పుల స్టాండు ఎక్కడ ఉండాలో, బట్టలు మార్చుకునే గదిలో ఏ బెంచీ ఎవరిదో, అన్నీ ఆవిడే తేల్చేది.

"పైన హాల్లోకి మార్చావు మా క్లాసు," అంది అత్తగారు. "అక్కడ మా టీచరు చెప్పేది ఒక్క ముక్క వినపడి చావదు అమ్మాయ్. పక్కనే ఆ బల్ల మీద బంతి టకటకటక. నిన్న టీచరు చెయ్యెత్తమంటే సగంమంది కూర్చున్నారు."

"ఇంకో నాలుగు రోజులు ఓర్చుకోండి అత్తయ్యా."

"ఓర్చుకోక చేసేదేముంది. కింద పూల్‌లో అయితే హాయి. మోటరు ఆపించేసేదాన్ని, అక్షరం అక్షరం వినపడేది."

సీసా నిండి నీళ్ళు చేతి మీదుగా పోతున్నాయి. పెద్దకోడలు కుళాయి కట్టలేదు.

"ఏ మోటరు అత్తయ్యా?"

"అదేనే, కింద గదిలో గుయ్యిమని మోగుతూ ఉంటుందే. నీళ్ళు తిప్పే మోటరు. మా క్లాసయ్యేదాకా ఆపరా బాబూ అని చెప్తే మోటరు బాబాయ్ ఆపేసేవాడు. మంచివాడు. ఎదురు చెప్పడు."

"ఎప్పట్నుంచి?"

"వాన మొదలైన దగ్గర్నుంచి. ఎందుకలా చూస్తావు?"

"పిల్లలు దగ్గిన రోజు కూడా ఆపాడా?"

అత్తగారి కాలు ఊగడం ఆగింది.

"ఆపాడు. రోజూ మేము బట్టలు మార్చుకునేటప్పుడు మళ్ళీ వేసేసేవాడు. ఆ రోజు వాడు అన్నానికి పోయాడు. వచ్చి వేసేసరికి పిల్లలు దిగేశారు. అయితే ఏం? మోటరేగా. నీళ్ళు తిరిగితే పిల్లలకేం అవుతుంది?"

పెద్దకోడలు కుళాయి కట్టేసి అక్కడే పీట మీద కూర్చుండిపోయింది.

ఇన్నాళ్ళూ ఆమె నీళ్ళు చూసింది, డ్రమ్ములు చూసింది, గోడలు చూసింది. మోటరు ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది కాబట్టి దాని వైపు చూడలేదు. కింద గదిలో రెండు డ్రమ్ములుంటాయి. ఒకదాంట్లో క్లోరిన్, ఒకదాంట్లో యాసిడ్. రెండూ సన్నని గొట్టాల్లోంచి బొట్టు బొట్టుగా పెద్ద పైపులో పడతాయి. పైపులో నీళ్ళు పరిగెడుతున్నంతసేపు పరవాలేదు, ఆ బొట్లు పలచబడి పూల్‌లో కలిసిపోతాయి. కిందటేడు మోటరు కాలిపోయి కొత్తది పెట్టినప్పుడు, మందు యంత్రానికి వేరే ప్లగ్గు పెట్టిపోయారు. మోటరు ఆపినా మందు ఆగదు. ఆగిన నీళ్ళల్లో క్లోరిన్, యాసిడ్ ఒకదాని మీద ఒకటి పడి, కలిసి, విషపు గాలై పైపులో కూర్చుంటాయి. మళ్ళీ మోటరు వేసిన క్షణాన ఆ గాలంతా ఒక్క తోపున పూల్‌లోకి వస్తుంది. పిల్లల మొహాల మీదికి.

"అత్తయ్యా, ఇలా కూర్చోండి. మీకొకటి చెప్పాలి," అంది మెల్లిగా. "మోటరు ఆపినా మందు పడుతూనే ఉంటుంది. అది పైపులో—"

"అంటే నావల్లేనంటావా?"

"మీవల్లని కాదు. ముందు వినండి. ఆపినప్పుడు కాదు ముప్పు, మళ్ళీ—"

"నావల్లే." అత్తగారి గొంతు సన్నగా అయిపోయింది. గట్టు మీది చెయ్యి తీసి, గోడకి ఆనుకుంది. "ఆసుపత్రిలో ఉన్న పిల్లవాడు నావల్ల. లోపల అది దగ్గేదీ నావల్ల. అంతేనా?"

"మీకెలా తెలుస్తుంది? నాకే తెలీలేదు."

"వాడికి తెలిస్తే నా మొహం చూస్తాడా? పెళ్ళాం పోయినప్పుడు వాణ్ణి పిచ్చెక్కకుండా నిలబెట్టింది ఆ పిల్లే. దానికి నేను విషం పెట్టానని తెలిస్తే, ఈ ఇంట్లో ఒక్క పూట ఉంటాడా?"

"విషం పెట్టడమేంటి అత్తయ్యా. ముందు నేను చెప్పేది పూర్తిగా వినండి."

"చాలు. ఇంక ఆపించను. చచ్చినా ఆపించను. మోటరు నడుస్తూనే ఉంటుంది, సరేనా? నీకు కావలసింది తెలిసింది కదా, ఇంక తలుపు తీయి. పోటీ జరగనీ. వాడి పని నిలబడుతుంది, పిల్ల ముచ్చట తీరుతుంది. నా పేరు మాత్రం బయటికి రానివ్వకు."

పెద్దకోడలు అత్తగారి వైపు చూసింది. ఆ ఇంటికి వచ్చిన కొత్తలో ఈవిడే తనని చెయ్యి పట్టుకుని ఆటల సెంటరుకి తీసుకెళ్ళి, మా కోడలు చదువుకుంది, పని ఇవ్వండని కమిటీ వాళ్ళ ముందు గంటసేపు వాదించింది. ఆ మనిషి ఇప్పుడు గోడకి ఆనుకుని, కోడలి మొహంలోకి పసిపిల్లలా చూస్తోంది.

"సరే అత్తయ్యా," అంది.

అత్తగారు కళ్ళు తుడుచుకుని తన గదిలోకి పోయి తలుపు వేసుకుంది.

పెద్దకోడలు గొడుగు తీసుకుని బయల్దేరుతుంటే, ముందు గదిలో బల్ల ముందు కూర్చున్న భర్త కంటికున్న అద్దం తీయకుండానే అన్నాడు. "అమ్మకి మొత్తం చెప్పావా?"

"విననిస్తేగా."

"మళ్ళీ చెప్పు."

"సాయంత్రం చెప్తానండి."

సాయంత్రం అత్తగారు గోడ వైపు తిరిగి పడుకుంది. అత్తయ్యా అని పిలిస్తే, నడుం నొప్పి, రేపు మాట్లాడుకుందామంది. మర్నాడు పక్కింటికి పోయింది. ఆ మర్నాడు బాతుకి తల దువ్వుతూ కూర్చుంది, పిల్ల ముందు ఆ మాటెలా ఎత్తుతారు. ఒకే ఇంట్లో ఇద్దరూ తప్పించుకు తిరిగారు. ఆపకూడదని ఆవిడకి తెలుసు, అది చాల్లే అని పెద్దకోడలు మనసుకి చెప్పుకుంది.

అంతకుముందు, అత్తగారు మోటరు సంగతి చెప్పిన పొద్దునే, సెంటరుకి వెళ్ళగానే పెద్దకోడలు మోటరు గదికి దిగింది. పూల్ హాలు బయటి నుంచి చుట్టూ తిరిగి, తడి మెట్లు దిగితే వస్తుంది ఆ గది. లోపల మోటరు గుయ్యిమంటోంది. ఆ చప్పుడు బయట గేటు దాకా, చెవులకన్నా ముందు అరికాళ్ళకి తెలుస్తుంది.

మోటరు బాబాయ్ స్టూలు మీద కూర్చుని టీ తాగుతున్నాడు. ఆమెని చూసి గ్లాసు వెనక్కి పెట్టుకున్నాడు.

"బాబాయ్, పెద్దవాళ్ళ క్లాసప్పుడు మోటరు ఆపేవాడివా?"

"ఎవరు చెప్పారు మేడమ్? నేనెందుకు ఆపుతాను?"

"మా అత్తగారు చెప్పారు."

అతను టీ గ్లాసు ముందుకు తెచ్చుకుని ఒక గుక్క తాగాడు. "ఆవిడే చెప్పాక ఇంక నన్నెందుకు అడగడం మేడమ్. మేనేజరు గారి అత్తగారు చెప్తే వినకూడదా? వింటే తప్పు, వినకపోతే తప్పు. మా బతుకే అంత."

"తప్పని అనలేదు. ఇక మీద ఆపకు. నేను చెప్తే తప్ప ఎవరు చెప్పినా ఆపకు."

"ఎందుకు మేడమ్?"

చెబుదామని నోటిదాకా వచ్చింది. చెప్తే పిల్లల దగ్గుకి కారణం అదేనని వీడికి తెలుస్తుంది. వీడికి తెలిస్తే బయట టీ కొట్టుకి తెలుస్తుంది. టీ కొట్టు నుంచి ఆసుపత్రిలో ఉన్న పిల్లవాడి తండ్రి దాకా ఎంత దూరం?

"మోటరు పాడవుతుంది. ఊరికే ఆపి వేస్తే కాలిపోతుంది," అంది.

"అంతేనా. చెప్పాలి మరి అలాగని." అతని మొహం తేలికపడింది.

వేరే ప్లగ్గు తీయించి రెండూ ఒకే స్విచ్చికి కలపమని ఎలక్ట్రీషియన్‌కి ఫోన్ చేసింది. సోమవారం దాకా కుదరదన్నాడు. అంతవరకు మందే ఆపేద్దామంటే, రెండు పూటల్లో నీళ్ళు పచ్చబడతాయి, రెఫరీలు పిల్లల్ని దిగనివ్వరు. ఒక్క ఆదివారం మోటరు ఆగకుండా చూసుకుంటే చాలు. చాలని పదిసార్లు అనుకుంది. అన్నిసార్లు అనుకోవలసి వచ్చిందంటేనే చాలదన్నమాట, ఆ సంగతి అప్పుడు తోచలేదు.

మధ్యాహ్నం ప్రెసిడెంటు గారు వచ్చారు. పెద్ద మనిషి, పెద్ద గొంతు. ఏ ఆట ఎన్నడూ ఆడకపోయినా ప్రతి ఆట గురించీ ఉపన్యాసం ఇవ్వగలరు.

"ఏమమ్మా, ఇంకా తాళం తీయలేదంట?"

"పైపులో చిన్న తేడా ఉంది సార్. కనిపెట్టాం. తలుపు తీయొచ్చు," అంది పెద్దకోడలు.

పక్కనే నిలబడ్డ కోచ్ ఆమె మొహంలోకి చూశాడు. "ఏం తేడా వదినా?" అని నలుగురి ముందే అడిగాడు, మేడమ్ అనడం కూడా మర్చిపోయి.

"చెప్పానుగా. పైపులో."

"నాతో ఒక్క మాటన్నా అనలేదే."

"ఇప్పుడు అంటున్నానుగా."

ప్రెసిడెంటు గారు నవ్వి, ఇద్దరి భుజాల మధ్యా చెయ్యి ఊపారు. "పోటీ ముందు ఇంటి గొడవలొద్దు. పూల్ తీస్తున్నారు, అంతే కావాలి నాకు. ఆదివారం పిల్లలకి నాలుగు మాటలు చెప్తాను. మైకు బాగా పలికేది పెట్టించండి. కిందటిసారి నా గొంతు నాకే వినపడలేదు."

కోచ్ ఆ రాత్రి అన్నానికి రాలేదు. బాతు మాత్రం గెంతుకుంటూ వచ్చి పెద్దమ్మ మెడ చుట్టూ చేతులు వేసి, చెవిలో ఏదో చెప్పబోయి దగ్గింది.

ఆదివారం వాన తెరిపిచ్చింది. సెంటరు గేటు దగ్గర నిలబడడానికి చోటు లేదు. తడి గొడుగులు, చెప్పుల కుప్పలు, తువ్వాళ్ళు భుజాన వేసుకున్న పిల్లలు, పిల్లలకన్నా ఎక్కువ కంగారుపడే తల్లిదండ్రులు. బ్యాడ్మింటన్ ఆడే పెద్దమనుషుల గుంపు ఒకటి, మా కోర్టు మాకివ్వకుండా కార్లు ఎలా పెట్టిస్తారని పెద్దకోడలిని చుట్టుముట్టింది. ఒకావిడ తన కొడుకు పేరు వేరే వయసు బ్యాచ్‌లో పడిందని గోల పెడుతోంది. ఇంకెవరికో బట్టలు మార్చుకునే గది తలుపు గడియ పడటం లేదు. అన్నిటికీ మేనేజరే కావాలి.

పొద్దుటే మోటరు గదికి దిగి చూసి వచ్చింది. నడుస్తోంది. మోటరు బాబాయ్ కొత్త చొక్కా వేసుకుని, "అంతా కులాసా మేడమ్," అన్నాడు.

హాల్లోంచి మైకు వినిపించింది. ప్రెసిడెంటు గారు మొదలుపెట్టారు. నీటికీ మనిషికీ ఉన్న సంబంధం గురించి. ఆయన అంత దూరం నుంచి బయల్దేరారంటే పోటీ దాకా రావడానికి చాలాసేపు పడుతుంది. గేటు దగ్గరివాళ్ళు నవ్వుకున్నారు. పెద్దకోడలు కూడా నవ్వింది.

గడియ పడని తలుపు సంగతి చూసి, మళ్ళీ గేటు దగ్గరికి వచ్చి, బ్యాడ్మింటన్ వాళ్ళకి సాయంత్రం రెండు గంటలు అదనంగా ఇస్తానని ఒప్పించేసరికి కూడా ఆయన ఇంకా నీటి దగ్గరే ఉన్నారు.

"ఎంత స్పష్టంగా వినపడుతోంది మేడమ్," అన్నాడు గేటు దగ్గరి వాచ్‌మన్. "ఈసారి మైకు మంచిది పెట్టించారు."

పెద్దకోడలి నవ్వు ఆగిపోయింది.

మైకు పాతదే. కొత్తది దొరకలేదు.

నిలబడ్డచోటే చెప్పు విడిచి అరికాలు నేల మీద ఆనించింది. నేల ఊరికే ఉంది. చల్లగా, కదలకుండా, రాయిలా ఉంది.

ఆమె పరుగెత్తింది. మనుషుల్ని తోసుకుంటూ, పడ్డ గొడుగులు తొక్కుకుంటూ హాలు తలుపు దాకా వచ్చేసరికి, జనం వెనక చేతులు కట్టుకుని ఉపన్యాసం వింటూ మోటరు బాబాయ్ కనిపించాడు.

"మోటరు ఎందుకు ఆపావు?"

"ప్రెసిడెంటు గారే ఆపమన్నారు మేడమ్. మీరు కనపడలేదు. ఒక్కసారికి కాలిపోదులే అన్నారు. ఆయన మాట కాదంటానా?" అని, ఆమె మొహం చూసి జంకాడు. "ఏం భయం లేదు మేడమ్. మళ్ళీ వేసేస్తున్నారుగా."

"ఎవరు?"

"మీ అత్తగారు. ఇప్పుడే వచ్చి, ఎందుకాపావురా అని నామీద మండిపడ్డారు. మోటరు నడవాలి, నడిచి తీరాలి అన్నారు. మోటరు గది తాళంచెవి ఇలా ఇవ్వమని లాక్కుని పరిగెత్తారు. ఆ మోకాళ్ళతో ఎలా పరిగెత్తారో."

పెద్దకోడలు ముందు వరసలోకి చూసింది. పెద్దవాళ్ళ బ్యాచ్ అంతా వరసగా కూర్చుని ఉంది. లీడరు కుర్చీ ఖాళీ.

ఆపకూడదని మాత్రమే తెలిసిన మనిషి. ఆపారని వినగానే, తన తప్పు తన చేత్తోనే దిద్దుకుందామని వెళ్ళిన మనిషి. మళ్ళీ వేయడంలోనే ముప్పుందని ఆవిడకి ఎవరు చెప్పారు?

బయటికి పోయి, హాలు చుట్టూ తిరిగి, మెట్లు దిగి ఆవిడ చెయ్యి పట్టుకోవాలి. అంతదాకా వ్యవధి లేదు.

పూల్‌లో పిల్లలున్నారు. ప్రారంభానికని చిన్న బ్యాచ్ పిల్లలందరినీ నీళ్ళల్లో గుండ్రంగా నిలబెట్టారు. ఒకరి చేతులు ఒకరు పట్టుకుని, చలికి పళ్ళు పటపటలాడుతుంటే ఉపన్యాసం అయ్యేదాకా కాచుకున్నారు. ఆ గుండ్రంలో తనూ ఒకరి చెయ్యి పట్టుకుని, వాళ్ళకి ధైర్యం చెబుతూ బాతు. చిన్నవాళ్ళందరి చూపూ దాని మీదే. అది నవ్వితే నవ్వుతున్నారు.

పెద్దకోడలు గట్టు మీదికి వచ్చి ప్రెసిడెంటు గారి చేతిలోంచి మైకు తీసుకుంది.

"పిల్లలందరూ బయటికి రండి. ఇప్పుడే. వెంటనే రండి."

ప్రెసిడెంటు గారి చెయ్యి మైకు పట్టుకున్నట్టే గాల్లో ఉండిపోయింది.

అవతలి గట్టు మీద కోచ్ ఈల నోట్లోంచి తీశాడు. మొహం నల్లబడింది.

"ఎవరూ కదలొద్దు," అన్నాడు. "ఎక్కడివాళ్ళు అక్కడే ఉండండి. వదినా, ఇంతమంది ముందు ఏంటిది? నా మీద కసి తీర్చుకోవడానికి ఈ రోజే దొరికిందా?"

"పిల్లల్ని బయటికి పిలువు. నీ కాళ్ళు పట్టుకుంటాను, పిలువు. తర్వాత చెప్తాను."

"ఎప్పుడూ తర్వాతే. ఇప్పుడు చెప్పు. పైపులో ఏముంది?"

మైకు ఆమె చేతిలోనే ఉంది. ఏం మాట్లాడినా హాలంతా వింటుంది. ముందు వరసలో ఆసుపత్రి పిల్లవాడి తండ్రి లేచి నిలబడ్డాడు.

"పైపులో విషపు గాలి ఉంది," అంది పెద్దకోడలు. "నాకు తెలుసు. నాకు తెలిసే దాచాను. బాతూ, రా తల్లీ."

కోచ్ కూతురి వైపు వేలు చూపించాడు. "నువ్వు కదలకు."

చిన్నపిల్లలు ఒకరూ కదలలేదు. కోచ్ వైపూ చూడలేదు, మేడమ్ వైపూ చూడలేదు. బాతు వైపే చూస్తున్నారు.

బాతు తండ్రిని చూసింది. పెద్దమ్మని చూసింది. రెండు గట్ల మధ్య నీళ్ళల్లో నిలబడి, పక్కనున్న చిన్నదాని చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంది.

పెద్దకోడలి అరికాళ్ళ కింద నేల సన్నగా వణకడం మొదలైంది.